ఖాళీ ఆటోలో మొదటి మనిషి

పోయిన నెల ఉపాధ్యాయుల శిక్షణ ఉందంటే బాపట్ల వెళ్ళాను. రైలు దిగి స్టేషన్ బయటికి వచ్చేసరికి ఎండ అప్పుడే చుర్రుమంటోంది. ఆటోల వరసలో చివరన ఒక బ్యాటరీ ఆటో ఆగి ఉంది. చంకలో బిడ్డనెత్తుకున్న ఒక అమ్మాయి ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు నేల మీదే ఉంచి, "ఇది కరెంటుతో నడిచేది కదా, పిల్లాడు ఎక్కడైనా చెయ్యి పెడితే?" అని డ్రైవరును అడుగుతోంది. డ్రైవరు నవ్వాడు. "ఏం కాదులేమ్మా, ఎక్కు ఎక్కు" అన్నాడు. ఆ అమ్మాయి లోపల పెట్టిన కాలు కూడా వెనక్కి తీసుకుంది.

నాకు ఆ డ్రైవరు మీద కోపం వచ్చింది. నవ్వినందుకు. నాకు అంత తేలిగ్గా కోపం రాదు. మరి ఇదెక్కడిదా అనుకుంటే ఒక నిమిషానికి తెలిసింది, అది నర్సమ్మగారి కోపమని. ఆవిడే అక్కడ ఉంటే, "అడిగినదానికి జవాబు చెప్పవయ్యా, నవ్వుతావేంటి?" అని స్టేషనంతా వినపడేలా అనేవారు. అంత గొంతు నాకు లేదు. దగ్గరికి వెళ్ళి, బ్యాటరీ ఎక్కడ ఉంటుందో, దాని మీద ఏమేం బిగించి ఉంటాయో, పిల్లాడి చెయ్యి అక్కడిదాకా ఎందుకు పోదో ఆ అమ్మాయికి చూపించాను. ఆమె వంగి చూసింది. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని ఎక్కింది. నేనూ ఎక్కాను. శిక్షణ జరిగే చోటు వచ్చేదాకా నర్సమ్మగారే కళ్ళ ముందు ఉన్నారు. ఆవిడ పోయింది మొన్నటి వానాకాలంలోనే.

నేను తెనాలిలో ఉంటాను. చేబ్రోలు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. రోజూ పొద్దున షేర్ ఆటోలో అంగలకుదురు మీదుగా బడికి వెళ్ళడం. ఆవిడా అదే వేళకు స్టాండుకు వచ్చేవారు. అరవై అయిదు దాటి ఉంటాయి. సన్నటి నీలం అంచు తెల్లచీర. ఉద్యోగం వదిలినా ఆ చీర వదల్లేదు. గడియారం ముఖం మణికట్టుకు లోపలివైపు ఉండేలా పెట్టుకునేవారు. రేపల్లె అవతల, సముద్రానికి దగ్గర ఊళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా తిరిగి రిటైరయ్యారట. చేబ్రోలులో ఆవిడ అక్కగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. అక్కగారి కొడుకు ఇల్లు ఇరుకు. అందుకని ఈవిడ తెనాలిలో ఒక గది తీసుకుని, రోజూ పొద్దున్నే వెళ్ళి అక్కకు స్నానం చేయించి, అన్నం తినిపించి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవారు.

పేరు ఎవరికీ తెలియదు. ఒకసారి అడిగాను. "పేరెందుకు మాస్టారూ, పిలిస్తే పలుకుతున్నాగా" అన్నారు. అందుకే ఇప్పుడు తెలిసినా ఇక్కడ రాయడం లేదు.

ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ళ మణికట్టు పట్టుకునేవారు. మాట సాగుతూనే ఉండేది, వేళ్ళు నాడి చూస్తూనే ఉండేవి. "నిన్న రాత్రి నిద్ర పట్టలేదా?" అని మధ్యలో అడిగేవారు. చాలాసార్లు నిజమే అయ్యేది. క్యారేజీలు విప్పి చూసే అలవాటు కూడా ఉండేది.

"కూరేంటి మాస్టారూ?"

"బంగాళాదుంప వేపుడండి."

"నిన్నా అదేగా. రేపు ఆకుకూర కనపడకపోతే మీ ఆవిడతో మాట్లాడతాను."

మాట్లాడారు కూడా. ఆదివారం మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, నా భార్యతో గంటసేపు కూర్చుని, వెళ్ళేటప్పుడు తోటకూర కట్ట ఇచ్చి వెళ్ళారు. ఆటోలో ఎవరైనా ఫోనులో సినిమా పాటలు గట్టిగా పెడితే, "నాయనా, అది నీ చెవికి కొనుక్కున్నావా, మా చెవులకా?" అనేవారు. కొందరికి ఆవిడంటే పడేది కాదు. ఆవిడ ఎక్కిందంటే నోరు కట్టేసుకోవాలని విసుక్కునేవాళ్ళు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు.

అలాంటి రోజుల్లో స్టాండుకు సుజాత వచ్చింది. అంగలకుదురు అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. మహిళా సంఘం తరఫున ఆమెకు ఒక బ్యాటరీ ఆటో వచ్చింది. నాలుగు నెలల్లో బండికి జనం అలవాటు పడకపోతే దాన్ని ఇంకో ఊరి సంఘానికి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. ఆమె ఆ బండి కోసం కుట్టు పని మానేసి, డ్రైవింగ్ నేర్చుకుని వచ్చింది.

స్టాండులో డీజిల్ ఆటోలవాళ్ళు ఆమెకు వరసలో చోటివ్వలేదు. బాజీ అని, ఇరవై ఏళ్ళ నుంచి అక్కడే తోలుతున్నాడు, అతని మాటే అక్కడ చెల్లుబాటు. చెడ్డవాడేం కాదు. ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు. కానీ ఈ కొత్త బండిని చూస్తే అతనికి గుబులు. "వానలో షాకు కొడుతుందంట, ఎక్కేవాళ్ళు చూసుకుని ఎక్కండి" అని అందరికీ వినపడేలా అనేవాడు. నడి దారిలో ఆగిపోతుందని ఒకరు, ఎండకు పేలిపోతుందని ఇంకొకరు. సుజాత బండిని వరసకు దూరంగా, జ్యూసు బండి పక్కన పెట్టుకుని నిలబడేది. వచ్చేపోయేవాళ్ళను పిలిచేది. ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. నేనూ వెళ్ళలేదు.

మూడో రోజో నాలుగో రోజో నర్సమ్మగారు ఆ బండి దగ్గరికి వెళ్ళారు. ఎక్కలేదు. చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి కింద చూశారు. అప్పుడు మొదలుపెట్టారు ప్రశ్నలు. నేను కాస్త దూరంలో నిలబడి విన్నాను.

"బ్యాటరీ ఎక్కడుందమ్మాయ్?"

"సీటు కిందండి."

"ఒకసారి నింపితే చేబ్రోలుకి ఎన్నిసార్లు వెళ్ళి రావచ్చు?"

సుజాత చెప్పింది.

"ఆరుగురు ఎక్కినా అంతేనా?"

సుజాత తడబడింది. "అంతే అనుకుంటానండి."

"అనుకోవద్దు. నీళ్ళు ఎంతదాకా వస్తే బండికి ప్రమాదం?"

"వానలో ఏం కాదన్నారండి."

"ఏం కాదన్నది జవాబు కాదు. ఎంతదాకా అని అడిగాను. చెడిపోతే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు?" సుజాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నర్సమ్మగారు ఆమె మణికట్టు పట్టుకున్నారు. "ఏడవకు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియనిది తెలిసినట్టు చెప్పకు, అంతే. ఒక్క అబద్ధం బయటపడితే నువ్వు చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు. వెళ్ళి కనుక్కుని రా. నేనిక్కడే ఉంటాను, రోజూ వస్తాను."

సుజాత రెండు రోజులు స్టాండులో కనిపించలేదు. బండి అమ్మిన చోటికి వెళ్ళి, మెకానిక్కును పట్టుకుని, అన్నీ అడిగి వచ్చిందట. మూడో రోజు బండి పక్కన, కాళ్ళు పెట్టుకునే రేకుకు నాలుగు వేళ్ళ పైన, ఎర్రటి గోళ్ళరంగుతో ఒక అడ్డగీత కనిపించింది.

"నీళ్ళు ఇక్కడిదాకా వస్తే ఆపెయ్యాలన్నారండి. ముందుజాగ్రత్తకి నేను అంతకంటే వేలెడు కిందికే గీశాను" అంది సుజాత. ఆరుగురు ఎక్కితే ఎంత దూరం తగ్గుతుందో కూడా చెప్పింది. స్టాండులోవాళ్ళు అన్నవాటిలో ఒకటి కొంత నిజమేనని, మరీ ఎండలో గంటలకొద్దీ పెట్టకూడదని కూడా ఒప్పుకుంది.

"అదీ" అన్నారు నర్సమ్మగారు. ఎక్కి కూర్చున్నారు.

కూర్చుంటే బండి కదలదు కదా, నిండాలి. ఎవరూ రాలేదు. ఆవిడ సంచిలోంచి పేపరు తీసి చదువుకుంటూ కూర్చున్నారు. ఎదురుగా డీజిల్ ఆటోలు ఒకటొకటిగా నిండి వెళ్ళిపోతున్నాయి. వాటిలో ఒకదానిలో నేనున్నాను. ఆవిడ వైపు చూడకుండా తల తిప్పుకున్నాను. ఆ రోజు ఆవిడ చేబ్రోలు చేరేసరికి అక్కగారి స్నానం వేళ దాటిపోయిందని తర్వాత తెలిసింది. మర్నాటి నుంచి ముందే లేచి, ముందే వచ్చి, ఆ ఖాళీ బండిలోనే కూర్చోవడం మొదలుపెట్టారు. లోపల మూల కూర్చోరు. రోడ్డు వైపు చివర, వచ్చేపోయే అందరికీ కనపడేలా.

వారం తర్వాత నన్ను పట్టుకున్నారు. నిజంగానే, మణికట్టు పట్టుకున్నారు.

"మీరెందుకు ఎక్కడం లేదు మాస్టారూ?"

"బడికి టైమైపోతోందండి."

"అది సాకు. కారణం దొరికినప్పుడు చెప్పండి."

తిట్టలేదు, వదిలేశారు. అది తిట్టుకంటే ఎక్కువ బాధించింది. రాత్రి భోజనం దగ్గర కూడా అదే ఆలోచన. మర్నాడు పొద్దున నేనే వెళ్ళి ఒప్పుకున్నాను. బ్యాటరీ స్కూటరొకటి కాలిపోతున్న వీడియో మా స్టాఫ్ రూములో అందరి ఫోనుల్లో తిరిగింది. అది చూసినప్పటి నుంచి లోపల ఏదో బెరుకు. దానికి తోడు, సైన్సు మాస్టారు ఎక్కాడు కాబట్టి మనమూ ఎక్కొచ్చు అని ఎవరైనా అనుకుని, ఏదైనా అయితే ఆ మాట నా మీదికి వస్తుందన్న పిరికితనం.

ఆవిడ నవ్వలేదు. "ఇప్పుడు చెప్పారు కారణం" అన్నారు. తర్వాత, నేను అడగకుండానే, తన పాత సంగతి ఒకటి చెప్పారు. రేపల్లె అవతల ఒక ఊళ్ళో పిల్లలకు టీకాలు వేయడానికి వెళితే తలుపులన్నీ మూసేశారట. ఎవరింట్లోనో టీకా తర్వాత పిల్లకు జ్వరం వచ్చిందని మాట పాకింది. పైవాళ్ళు కేకలేసి వేయించమన్నారు. ఈవిడ కేకలు వేయలేదు. ఒక అరుగు మీద కూర్చుని, దారినపోయే ఆడవాళ్ళను ఒకటే అడిగారు, ఎందుకు వద్దు అని. చాలామంది కసిరి వెళ్ళిపోయారు. ఒకావిడ ఆగి, "మా పిల్లకి జ్వరమొస్తే నువ్వుంటావా?" అని అడిగింది. ఉంటానన్నారు. ఉన్నారు, రెండు రోజులు, ఆ ఇంట్లోనే, జ్వరం వచ్చి తగ్గేదాకా. మూడో రోజు అరుగు ముందు తల్లులు వరసకట్టారట.

"వద్దన్నవాళ్ళు మొండివాళ్ళు కాదు మాస్టారూ. వాళ్ళ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, అంతే. నేను టీకా గదిలో వేసేదాన్ని కాదు, వాకిట్లో వేసేదాన్ని. అందరూ చూడాలని. ఇప్పుడు ఈ చివర కూర్చుంటున్నదీ అందుకే."

అని నన్ను సుజాత దగ్గరికి తీసుకెళ్ళారు. "అమ్మాయ్, సీటు ఎత్తు. మాస్టారు నీకు బ్యాటరీ పాఠం చెబుతారు" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. కానీ ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠమే. మొదలుపెట్టాక ఆగలేదు. సుజాత శ్రద్ధగా వింది, నాకు తెలియని రెండు సంగతులు తను చెప్పింది. స్కూటర్లు ఎందుకు కాలతాయో, ఏ ఛార్జరు పెట్టకూడదో ఆమెకు నాకంటే బాగా తెలుసు. జ్యూసు బండి దగ్గర ఉన్న నలుగురూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. పాఠం అయ్యేసరికి నాలోని బెరుకు ఎక్కడికి పోయిందో తెలియదు. ఎక్కి కూర్చున్నాను. విన్నవాళ్ళలో ఒక టైలరు, ఇద్దరు డిగ్రీ ఆడపిల్లలు కూడా ఎక్కారు. బండి కదిలింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. డిగ్రీ పిల్లల్లో ఒకమ్మాయి, "అబ్బ, మన మాట మనకి వినపడుతోందే" అంది.

అయితే నర్సమ్మగారు ఆ బండికి భక్తురాలు కారు. మెట్టు ఎత్తు ఎక్కువగా ఉందని రోజూ గొణిగేవారు. "దీన్ని చేసినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులు లేవు" అనేవారు. సుజాత చేత పక్కన ఒక ఇనుప పిడి, కింద ఒక చెక్క మెట్టు పెట్టించేదాకా ఊరుకోలేదు. ఆ మెట్టు పెట్టాక కూరగాయల బుట్టలవాళ్ళు ఎక్కడం మొదలుపెట్టారు. వాళ్ళు ఇన్నాళ్ళూ షాకుకు భయపడ్డారని మేమనుకున్నాం. వాళ్ళకు అడ్డం వచ్చింది ఎత్తు.

అలా పొద్దున ఒక్క ట్రిప్పుకు అయిదారుగురు, ఆ తర్వాత రోజంతా ఖాళీయే. నాలుగు నెలల గడువులో మూడు నెలలు గడిచాయి. బండి ఇంకా వరస బయటే ఉంది. సంఘం వాళ్ళు ఒకసారి వచ్చి చూసి, పెదవి విరిచి వెళ్ళారు.

అప్పుడు పడింది ఆ వాన.

తెనాలిలో బయల్దేరినప్పుడు చినుకులే. కాలవ పక్క రోడ్డు మీదికి వచ్చేసరికి కుండపోత. ముందు ఏమీ కనపడటం లేదు. అంగలకుదురు ఇంకా కొద్ది దూరం ఉందనగా రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి. పొలాల్లోంచి ఇంకా వచ్చి చేరుతున్నాయి. బండి మెల్లగా వెళుతోంది. నీళ్ళు మెట్టు దాటాయి. రేకు మీదికి వచ్చి మా కాళ్ళను తాకాయి. అంతే, టైలరు, "షాకు కొడుతుందిరోయ్!" అని అరిచి దూకేశాడు. ఆడపిల్లలు దూకారు. కూరగాయలావిడ బుట్టతో సహా దిగిపోయింది.

నేనూ దూకాను.

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడ్డాక తెలిసింది, నేనేం చేశానో. బండిలో కరెంటు నీళ్ళలోకి వస్తుందని భయపడి నీళ్ళలోకే దిగాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తల ఎత్తి చూస్తే నర్సమ్మగారు కూర్చునే ఉన్నారు. పాదాలు రెండూ నీళ్ళలో ఉన్నాయి. చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మాస్టారూ, గీత మీదికి వచ్చాయేమో చూసి చెప్పండి" అన్నారు.

వంగి చూశాను. ఎర్రగీతకు ఇంకా రెండు వేళ్ళ కింద ఉన్నాయి. చెప్పాను.

"సుజాతా, నువ్వు చెప్పిన గీతేగా ఇది?"

సుజాత హ్యాండిలు వదలకుండా పట్టుకుని ఉంది. "అవునండి" అంది.

"గీత దాటితే ఆపుతానన్నావు. దాటలేదు. నువ్వు ఆపితే దిగుతాను. ఆపనంతవరకూ కూర్చుంటాను."

నేను వెనక్కి వచ్చి ఎక్కబోతే ఆవిడ చెయ్యి అందించారు. ఆ చెయ్యి పట్టుకుని పైకి వచ్చేటప్పుడు నా వేళ్ళు ఆవిడ మణికట్టు మీద పడ్డాయి. ఎన్నాళ్ళుగానో ఆవిడ మా అందరి నాడీ చూశారు. ఆవిడది ఎవరూ చూడలేదు. అది పరుగులు పెడుతోంది, పట్టుకున్న పిట్ట గుండెలా. నేను ఆవిడ ముఖం వైపు చూశాను.

"నాకూ భయమే మాస్టారూ" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. "పసిపిల్ల తొడ మీద సూది పెట్టిన ప్రతిసారీ భయపడ్డాను. అన్నీ కనుక్కున్నాక కూడా ఆ కాస్త మిగులుతుంది. దాంతోనే చెయ్యాలి."

ఒక్కొక్కరే ఎక్కారు. టైలరు అందరికంటే చివర ఎక్కి, తడిసిన చొక్కా పిండుకుంటూ ఎవరి వైపూ చూడలేదు. సుజాత బండి కదిలించింది. కొంచెం ముందుకు వెళ్ళేసరికి రోడ్డు మధ్యలో ఒక డీజిల్ ఆటో ఆగిపోయి ఉంది. ఇంజనులోకి నీళ్ళు వెళ్ళాయి. బాజీది. అతని బండిలో అయిదుగురున్నారు, నిండు గర్భిణి ఒకామె, ఆమె తల్లి కూడా. అంగలకుదురు నుంచి తెనాలి ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళు. ఇటు వెళ్ళే బండి మాది, అటు వెళ్ళాల్సినవాళ్ళు వాళ్ళు.

సుజాత బండి ఆపి, మా వైపు తిరిగింది. అడగలేకపోయింది. నర్సమ్మగారు అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నారు. మేం దిగాం. ఈసారి తోసుకోలేదు. గర్భిణి బాజీ బండిలోంచి మా బండికి వస్తూ మెట్టు దగ్గర ఆగింది. "షాకు..." అంది. నర్సమ్మగారు ఆమె మణికట్టు పట్టుకుని, గీత చూపించి, నాలుగు మాటల్లో అంతా చెప్పారు. చివర, "నేనూ నీతోనే వస్తున్నాగా" అన్నారు. ఆ పిడి పట్టుకుని, ఆ చెక్క మెట్టు మీద కాలు పెట్టి ఆమె ఎక్కింది. బండి వెనక్కి తిరిగి తెనాలి వైపు వెళ్ళిపోయింది. ఆ రోజు అక్కగారికి స్నానం లేదు. మేము వానలో బాజీ ఆటోలో ముడుచుకుని కూర్చున్నాం.

గంట తర్వాత సుజాత తిరిగి వచ్చింది, పక్కన ఒక మెకానిక్కును కూర్చోబెట్టుకుని. బాజీ కోసం ఆమే వెతికి తీసుకొచ్చింది. బాజీ అతని వైపు, ఆమె వైపు చూశాడు.

"ఆ అమ్మాయి ఎలా ఉంది చెల్లెమ్మా?"

"ఆసుపత్రిలో చేర్చుకున్నారన్నా. నర్సమ్మగారు అక్కడే ఉన్నారు."

"రేపటి నుంచి బండి వరసలో పెట్టుకో" అన్నాడు బాజీ. మెకానిక్కు వైపు నడుస్తూ, "నా వెనకాల" అన్నాడు.

ఆ నెలాఖరుకు సంఘం వాళ్ళు వచ్చినప్పుడు సుజాత బండి నిండి చేబ్రోలు వెళ్ళి ఉంది. తిరిగి వచ్చేదాకా వాళ్ళు జ్యూసు తాగుతూ కూర్చున్నారట. బండి ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఇక నర్సమ్మగారికి అందులో సుఖంగా చోటు దొరకాలి కదా. ఆవిడేమో ఆ బండి ఎక్కడం తగ్గించేశారు. ఒకరోజు నందివెలుగు వెళ్ళే ఆటోల దగ్గర కనిపించారు. అక్కడ ఆవిడకు ఎవరూ లేరు. అడిగితే, "అక్కడ ఇంకొకమ్మాయి కొత్తగా పెట్టింది మాస్టారూ, ఎవరూ ఎక్కడం లేదంట" అన్నారు. మధ్యాహ్నాలు, అక్క పని అయ్యాక, వారం రోజులపాటు నందివెలుగు వెళ్ళి, అక్కడ టీ తాగి, మళ్ళీ అదే బండిలో తిరిగి వచ్చేవారు. ఆ బండి నిండడం మొదలయ్యాక అటు వెళ్ళడం మానేశారు. ఏ స్టాండులోనైనా కొత్త బ్యాటరీ ఆటో ఖాళీగా కనపడితే మేమనుకునేవాళ్ళం, నర్సమ్మగారికి ఇంకా కబురందలేదని.

రెండేళ్ళ కిందట అక్కగారు పోయారు. చేబ్రోలుతో పని తీరింది. గది ఖాళీ చేసి రేపల్లెలో తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి నా భార్యకు చుక్కకూర గింజలు ఇచ్చారు. నాకేమీ ఇవ్వలేదు. నా మణికట్టు కాసేపు పట్టుకుని కూర్చున్నారు. ఎలా ఉందో చెప్పలేదు.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున సుజాత ఫోను చేసింది. "నర్సమ్మగారు పోయారంట సార్. మధ్యాహ్నం చర్చి దగ్గర మట్టి చేస్తారంట." నేను స్టాండుకు వెళ్ళేసరికి టైలరు, డిగ్రీ పిల్లల్లో ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి, బాజీ అప్పటికే ఉన్నారు. అందరూ సుజాత బండి చుట్టూ నిలబడి ఉన్నారు.

"రేపల్లె వెళ్ళడానికి సరిపోతుంది సార్" అంది సుజాత. "తిరిగి రావడానికి సరిపోదు. నిజం చెప్తున్నా. అక్కడ ఎక్కడైనా ఛార్జింగ్ పెట్టుకోవాలి, చాలాసేపు పడుతుంది. మీరు రైల్లో వెళ్తే నయం."

ఎవరూ రైలు మాట ఎత్తలేదు. బాజీ ముందుగా ఎక్కాడు.

చర్చి వాకిట్లో అంత జనం ఉంటారని మేమెవరం అనుకోలేదు. సముద్రం వైపు ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు బస్సుల్లో వచ్చారు. చాలామంది ఆవిడ చేత టీకా వేయించుకున్నవాళ్ళు, వాళ్ళ తల్లులు, వాళ్ళ పిల్లలు. ప్రార్థన అయింది. మట్టి వేశాం. నేను రెండు గుప్పెళ్ళు వేశాను.

ఆవిడ తమ్ముడి కొడుకు చర్చి పక్కనే ఉన్న వాళ్ళింటి కిటికీలోంచి వైరు లాగి ఇచ్చాడు. సుజాత బండికి ఛార్జింగ్ పెట్టి మెట్టు మీద కూర్చుంది. మేము వాళ్ళింటి అరుగు మీద కూర్చున్నాం. కాసేపటికి ఒక ముసలావిడ వచ్చి బండి చుట్టూ తిరిగింది. "ఇది నువ్వే తోలతావా అమ్మాయ్?" అని అడిగింది. సుజాత అవునంది. ముసలావిడ ఇంకా ఏవేవో అడిగింది. సుజాత ఒక్కొక్కదానికి ఓపిగ్గా చెప్పింది. ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్ళ వెనకాల మరో నలుగురు. ముసలావిడకు అన్నీ విన్నాక కాళ్ళు నొప్పెట్టాయి కాబోలు, ఎక్కి కూర్చుంది. కూర్చున్నాక, "బస్టాండుదాకా దింపుతావా?" అంది.

సుజాత నా వైపు చూసింది. ఛార్జింగ్ సగం కూడా నిండలేదని ఆ చూపు. బాజీ లేచి వైరు తీసేశాడు.

ఆ సాయంత్రం రేపల్లె బస్టాండుకు ఆ బండి ఎన్నిసార్లు తిరిగిందో నేను లెక్కపెట్టలేదు. చీకటి పడేముందు మళ్ళీ ఛార్జింగ్‌కు పెట్టి, ఈ పూటకు ఇక్కడే ఉంటానని, తమ్ముడి కొడుకు భార్య అన్నం పెడతానందని సుజాత చెప్పింది. మేము రైలెక్కి తెనాలి వచ్చేశాం.

సోమవారం పొద్దున స్టాండులో ఆమె బండి లేదు. బడి వేళవుతోంది. ఫోను చేశాను.

"ఇంకా రేపల్లెలోనే ఉన్నా సార్" అంది.

"ఏమైంది, బండేమైనా చెడిందా?"

"లేదండి, బాగానే ఉంది. ఛార్జింగ్ నిండేలోపే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటున్నారు."